చచ్చాక ఎటు? హేడీస్ పాతాళమా, గ్రిమ్ ఫాండాంగో ప్రయాణమా?

బెజవాడలో మా తాతయ్య పోయినప్పుడు ఇంట్లో గరుడ పురాణం చదివించారు. వైతరణి, యమభటులు, చిత్రగుప్తుడి చిట్టా అన్నీ అప్పుడే విన్నాను, ఆ తర్వాత ఏ గేమ్‌లో పరలోకం కనిపించినా ఆగి చూడటం అలవాటైపోయింది.

2020లో పూర్తిగా విడుదలైన హేడీస్ గేమ్‌లో గ్రీకు పాతాళ రాజు కొడుకు జాగ్రియస్ టార్టరస్, ఆస్ఫడెల్, ఎలీసియం అనే పాతాళ భాగాలు దాటుకుంటూ పైకి పారిపోవాలని చూస్తాడు. దారిలో చస్తే మళ్లీ తండ్రి ఇంట్లోనే, నెత్తుటి మడుగులోంచి లేస్తాడు. నాకు బాగా నచ్చింది ఇదే: చావు ఇక్కడ ఓటమి కాదు, తిరిగొచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు కొత్త మాట చెప్తారు, కథ అలాగే నడుస్తుంది. గ్రీకు కథల్లో ఎప్పటికీ బండరాయి దొర్లిస్తూనే ఉండాలనే శిక్ష పడ్డ సిసిఫస్ అయితే ఆ బండరాయికే పేరు పెట్టుకుని ప్రేమగా చూసుకుంటాడు.

1998 నాటి గ్రిమ్ ఫాండాంగో గేమ్‌లో మంటలూ లేవు, కొరడాలూ లేవు. మెక్సికో వాళ్ల మృతుల పండుగలోంచి పుట్టిన లోకం అది. హీరో మానీ చనిపోయినవాళ్లకి ప్రయాణం ఏర్పాటు చేసే ఏజెంట్. పుణ్యం చేసినవాళ్లు నంబర్ నైన్ అనే రైల్లో నాలుగు నిమిషాల్లో గమ్యం చేరతారు, మిగతావాళ్లకి నాలుగేళ్ల ప్రయాణం. ఆ టికెట్లనే కాజేసే ముఠా ఉందని తెలిసినప్పుడు నాకు నిజంగా కోపమొచ్చింది.

ఆడటానికి హేడీస్ సుఖం, ఫాండాంగో పజిల్స్ చాలాచోట్ల విసిగిస్తాయి. అయినా నా ఓటు దానికే. మనం ఏడాది పాటు నెలనెలా మాసికం పెట్టేది కూడా ఇంకా దారిలోనే ఉన్నవాళ్ల కోసమే కదా.