మాతలే నూనె సీసా: మా శ్రీలంక కారు ప్రయాణం

శ్రీలంక నుంచి వచ్చి మూడు వారాలైంది. కలిసిన వాళ్లంతా సిగిరియా రాతికోట ఎలా ఉంది, ఏనుగులు కనపడ్డాయా అని అడుగుతున్నారు. నేను నోరు తెరిస్తే మాత్రం మాతలే అనే ఊరి దగ్గర కొన్న నూనె సీసా కథే వస్తోంది. మా ఆవిడ ఇప్పుడు నేను 'మాతలే' అనగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోతోంది. ఒక్కసారి రాసేస్తే నాకూ కడుపుబ్బరం తీరుతుంది, వెళ్లేవాళ్లకీ పనికొస్తుంది.

ముందు లెక్కలు. వైజాగ్ నుంచి చెన్నై మీదుగా కొలంబో, ఇద్దరికీ రానూపోనూ మన రూపాయల్లో 46,800. మేం వెళ్లినప్పుడు మన రూపాయికి వాళ్లవి మూడున్నర వచ్చాయి. చిన్న వేగనార్ కారు రోజుకి 11,000 లంక రూపాయలు, పెట్రోలు మనదే. ఇక్కణ్నుంచి అక్కడి ధరలన్నీ లంక రూపాయల్లోనే. డ్రైవర్‌తో తీసుకోమని అందరూ చెప్పారు గానీ, అనంతగిరి ఘాట్‌లో ఇరవై ఏళ్లుగా తోలుతున్నవాణ్ణి, నాకెందుకు డ్రైవర్ అన్నాను. అక్కడా ఎడమవైపే నడపాలి కాబట్టి ఇబ్బంది లేదు. మన ఇంటర్నేషనల్ పర్మిట్ ఒక్కటే సరిపోదు, అక్కడి అనుమతి కూడా కావాలి. కారు వాళ్లతో ముందే మాట్లాడుకుంటే ఆ పని చేసి పెడతారు.

రోడ్లు బాగున్నాయి. భయపెట్టేవి ప్రైవేటు బస్సులు. మలుపులో వెనక నుంచి హారన్ కొట్టుకుంటూ మీదికి వచ్చేస్తాయి, పక్కకి తప్పుకోవడమే మర్యాద. కానీ ఒకటి చూసి సిగ్గేసింది. జీబ్రా గీతల మీద మనిషి కాలు పెడితే చాలు, కార్లు ఆగుతున్నాయి. మన మద్దిలపాలెం జంక్షన్‌లో ఆ గీతల మీద నిలబడ్డవాడి సంగతి చెప్పక్కర్లేదు.

సిగిరియా బాగుంది. దగ్గర దగ్గర పన్నెండు వందల మెట్లు, ఎండ ముదరక ముందే ఎక్కండి, పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోండి, మనలాంటి సార్క్ దేశాల వాళ్లకి టికెట్టు తక్కువ. దంబుల్లా గుహలూ బాగున్నాయి. నా మోకాళ్లు మాత్రం అక్కడితో పోయాయి.

ఆ సంగతి దంబుల్లాలో మేం దిగిన గెస్ట్‌హౌస్ అతనికి చెప్పడమే నేను చేసిన తప్పు. పొద్దున్న కారెక్కుతుంటే, "క్యాండీ వెళ్లే దారిలో మాతలే దగ్గర మూలికల తోట ఉంది సార్, టికెట్టు లేదు, ఊరికే చూడండి" అన్నాడు. పేరు కాగితం మీద రాసిచ్చాడు. నిజానికి ఆ దారిలో నేను చూడాలనుకున్నది అలువిహార అనే బౌద్ధ గుహాలయం. బౌద్ధుల పవిత్ర గ్రంథాలైన పాళీ త్రిపిటకాలను మొట్టమొదట రాతలో పెట్టింది అక్కడే, క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలో. మన తొట్లకొండ బౌద్ధారామం ఎదురుగా ఉన్న ఊళ్లో పుట్టి పెరిగి, అక్కడిదాకా వెళ్లి అది చూడకుండా వస్తానా అనుకున్నాను. వచ్చాను.

తోట గేటు దగ్గర కుర్రాడు మా కారు నంబరు చూసి నవ్వి, "దంబుల్లా?" అన్నాడు. అప్పుడైనా అర్థం కావాలి. తెల్లకోటు వేసుకున్న ఒకాయన వచ్చి తను డాక్టర్నన్నాడు. మిరియాల తీగ, జాజికాయ, వెనిల్లా, కోకో అన్నీ చూపించాడు. ఆ అరగంటా బాగానే ఉంది, మూలికల టీ కూడా ఇచ్చారు. తర్వాత నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, ఇద్దరు కుర్రాళ్లు ఎర్ర నూనెతో మర్దనా మొదలుపెట్టారు. చెప్పకేం, హాయిగా ఉంది. ఆ హాయిలోనే 'డాక్టర్' నా బరువు, షుగరు, నిద్ర అన్నీ కనుక్కుని కాగితం మీద నంబర్లు వేశాడు. పన్నెండో నంబరు మోకాళ్లకి. ఏడో నంబరు మా ఆవిడ ముఖానికి. ఆవిడ ముఖానికి ఏమైందని నేనూ అడగలేదు, ఆవిడా అడగలేదు.

దుకాణంలో సీసాల మీద ధరలు లేవు. పన్నెండో నంబరు నూనె వంద మిల్లీలీటర్లు 13,500. క్రీము 7,800. మా ఆవిడ నా చెయ్యి గిల్లి, "ఏవండీ, మన పూర్ణా మార్కెట్‌లో ఇవన్నీ గుప్పెడు పది రూపాయలు" అంది. కాళ్లు పట్టించుకున్నాక ఉత్త చేతులతో లేవడానికి నాకు మొహమాటం. కార్డు గీశాను. కుర్రాళ్లిద్దరికీ చెరో ఐదు వందలు. బ్యాంకు వాళ్ల చార్జీలు కలిపి ఆ రెండు సీసాలు మన డబ్బులో 6,337 పడ్డాయని తర్వాత మెసేజ్ వచ్చింది. బయటికి వచ్చేసరికి రెండు గంటలు గడిచాయి, జోరున వాన. అలువిహార వదిలేసి నేరుగా క్యాండీ.

ఆ రాత్రి మూత తీసి రాసుకుంటే, చిన్నప్పుడు మా అమ్మ రాసిన కర్పూరం వేసి కాచిన నువ్వుల నూనె వాసనే వచ్చింది. మా ఆవిడ ఏమీ అనలేదు. అననందుకే నిద్ర పట్టలేదు. మర్నాడు నువర ఎలియ దారిలో కూడా కిటికీలోంచి టీ తోటలు చూస్తూ కూర్చుంది తప్ప మాట లేదు. సీతా ఎలియలో అమ్మవారి గుడి దగ్గర, వాగు పక్క రాళ్ల మీద కూర్చున్నాకే, "ఆ క్రీము నాకు దద్దుర్లు తెచ్చింది" అంది. అంటే ఆవిడా రహస్యంగా రాసుకుంది.

ఈ ప్రయాణాన్ని నిలబెట్టింది ఎల్లాలో మేం దిగిన ఇల్లు. ఆ ఊరు కాదు, ఊరు నిండా కేఫ్‌లూ పాటలూ. 1921 నాటి తొమ్మిది కమానుల రైలు వంతెన దగ్గర సెల్ఫీల తోపులాట. మన అరకు రైలు సొరంగాలు చూసినవాళ్లకి ఆశ్చర్యం సగమే కలుగుతుంది. మేం దిగింది మెయిన్ రోడ్డుకి దూరంగా ఒక పెద్దావిడ ఇంట్లో. గది 9,000. దుప్పట్లు ముతక, వేడి నీళ్లు పది నిమిషాలు. రాత్రి భోజనం మనిషికి 1,200, మధ్యాహ్నమే చెప్పాలి.

ఆ భోజనం! అన్నం చుట్టూ ఆరు గిన్నెలు. లేత పనసకాయ ముక్కలు కొబ్బరిపాలలో ముదురు గోధుమ రంగు వచ్చేదాకా ఉడికించిన కూర, పేరు పొలోస్. మన పనసపొట్టు ఆవపెట్టు తిన్న నోటికి ఇది వేరే ఊళ్లో ఉన్న మేనత్తలా అనిపించింది. పరిప్పు అంటే పప్పే, కొబ్బరిపాలతో. సరస్వతి ఆకు సన్నగా తరిగి పచ్చికొబ్బరి, నిమ్మరసం కలిపారు. మన దగ్గర అది మందు, అక్కడ రోజువారీ ఆకుకూర. మా ఆవిడ అలవాటుగా "అక్కా, కొంచెం కూర" అంది. పెద్దావిడ వెంటనే గరిటె పట్టుకొచ్చింది. సింహళంలో కూడా అక్కను అక్కా అనే పిలుస్తారట. అక్కణ్నుంచి ఇద్దరూ వంటింట్లోనే.

అక్కడే ఒక నిజం బయటపడింది. కొబ్బరి, ఎండుమిర్చి నూరే పోల్ సంబోల్‌లో మామూలుగా ఎండుచేప పొడి వేస్తారట. దంబుల్లాలో శనివారం పొద్దున్న మా ఆవిడ మూడుసార్లు అడిగి వేయించుకుంది అదే. శనివారం చేప ముట్టని మనిషి. కాసేపు గమ్మున ఉండి, "తెలియక తిన్నది లెక్కలోకి రాదులే" అని తనే తీర్పు చెప్పుకుంది. శాకాహారులు ముందే అడగండి.

తోట సంగతి చెబితే పెద్దావిడ నవ్వింది. పంపిన వాళ్లకి వాటా ఉంటుందట. దాల్చినచెక్క కావాలంటే మామూలు సూపర్‌మార్కెట్‌లో కొనుక్కోండి అంది. కొన్నాం, ప్యాకెట్ 650. కాగితంలా పల్చటి పొరలు చుట్టలా చుట్టి ఉంటుంది, వేళ్లతో నలిపితే పొడవుతుంది. మన దగ్గర దొరికే మందపాటి చెక్క దీని ముందు తీసికట్టు.

ఎల్లా నుంచి వెల్లవాయ దిగే దారిలో రెండో గేరు వదలకండి. గాల్ కోటలో గోడల మీద సాయంత్రం నడక బాగుంది, కప్పు కాఫీ 1,200 బాగోలేదు. డచ్చి వాళ్ల సమాధి రాళ్లు చూసి, "ఇవే భీమిలిలో ఉన్నాయి, ఎప్పుడైనా తీసుకెళ్లారా?" అంది మా ఆవిడ. నిజమే, తీసుకెళ్లలేదు. అక్కణ్నుంచి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి కొలంబో. కారు మీద గీత లేదు, డిపాజిట్ పైసలతో సహా తిరిగి ఇచ్చారు.

నూనె ముప్పావు సీసా మిగిలింది. మా ఎంవీపీ కాలనీలో సముద్రపు గాలికి గేటు బందులు ఎప్పుడూ తుప్పే. మొన్న పాలవాడు వచ్చేటప్పుడు గేటు కీచుమంటుంటే మా ఆవిడ ఆ పన్నెండో నంబరే తెచ్చి రెండు చుక్కలు వేసింది. ఇప్పుడు చప్పుడు లేదు.