కాంబర్ అవుట్ అని చెప్పి డబ్బులు గుంజుతున్నారు, కారు ఉన్నవాళ్ళు జాగ్రత్త

హైవే పక్కన టైర్ షాపులో ఎవరైనా "సార్ మీ బండికి కాంబర్ అవుట్ అయింది, ఇప్పుడే చేయించకపోతే టైర్లు పోతాయి" అన్నారనుకోండి, దయచేసి అక్కడికక్కడే ఒప్పుకోకండి. కాంబర్ అంటే బండిని ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండటం. మాకు జరిగింది ఇంకొకళ్ళకి జరగకూడదనే రాస్తున్నా.

మాది స్విఫ్ట్. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే 80 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది, 60కి దిగితే ఏమీ లేదు, పక్కకి లాగడం కూడా లేదు. బోర్డు చూసి ఒక షాపులో ఆపాం. స్పీడ్‌లో వణుకుతోంది అని స్పష్టంగానే చెప్పా. బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా రిమ్‌కి చిన్న వెయిట్లు వేయడం) ఊసే ఎత్తకుండా బండిని చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్‌కి ఎక్కించేసి, స్క్రీన్ మీద ఎర్ర అంకెలు చూపించి, రెండు వైపులా కాంబర్ పోయింది అన్నీ కలిపి 3,200 అవుతుంది అన్నారు. బండిలో పెద్దవాళ్ళు, పిల్లలు, బయట మండే ఎండ, సరిగ్గా ఇలాంటి టైం చూసే అంటగడతారు. తర్వాత చేసిందేంటంటే ముందు చక్రం దగ్గర షాక్ అబ్సార్బర్ ఉండే స్ట్రట్‌కి ఒక ఇనప పట్టీ బిగించి హైడ్రాలిక్ జాకీతో వంచడం, అంకెలు పచ్చగా మారేదాకా. డబ్బులు కట్టి రోడ్డెక్కాం, 80 దాటింది, మళ్ళీ అదే వణుకు.

విజయవాడ ఆటోనగర్‌లో మా బావకి తెలిసిన మెకానిక్ ముందు ఎడమ చక్రం విప్పి చూపించాడు. రిమ్ లోపలంతా బ్రేక్ దుమ్ముతో నల్లగా ఉంది, ఒక్కచోట మాత్రం అరవేలంత పొడవున శుభ్రంగా మెరుస్తోంది, వేలు పెడితే జిగురు తగుల్తోంది. అక్కడ అంటించిన వెయిట్ ఊడిపోయింది, అంతే. మిషన్ మీద తిప్పితే 40 గ్రాములు చూపించింది, వెయిట్లు వేసి మళ్ళీ తిప్పి సున్నా వచ్చాకే ఎక్కించాడు. వణుకు పూర్తిగా పోయింది. కానీ ఆ స్ట్రట్ మీద పట్టీ నొక్కిన సొట్ట అలాగే ఉంది, దాని పక్కనే ఆయిల్ చెమ్మ. ఇప్పుడు స్ట్రట్ మార్చాలి, అది వేరే ఖర్చు.

అందుకే ఈ తేడా తెలిసుండాలి. ఒక స్పీడ్ దాటాక, మామూలుగా 80 నుంచి 100 మధ్య, వణుకు వస్తే ముందు అనుమానించాల్సింది బ్యాలెన్సింగ్. స్టీరింగ్ వణికితే ఎక్కువగా ముందు చక్రాలు, సీటు కింద వణికితే వెనక చక్రాలు, చాలా షాపుల్లో ముందు రెండే చేసి పంపించేస్తారు కాబట్టి ఇది చెప్పి చేయించుకోండి. గుంతలో గట్టిగా పడ్డాక మొదలైతే రిమ్ వంగిందేమో, టైర్ పక్కన ఉబ్బు వచ్చిందేమో చూడాలి, ఉబ్బు ఉంటే ఆ టైర్ మీద హైవే ఎక్కొద్దు, ఎప్పుడైనా పేలొచ్చు. బ్రేక్ వేసినప్పుడు మాత్రమే వణికితే అది బ్రేక్ డిస్క్ గొడవ, బ్యాలెన్సింగ్‌తో పోదు.

అలైన్‌మెంట్ తేడా అయితే వేరేగా తెలుస్తుంది. బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా ఉంటుంది, లేదా ఒక పక్కకి లాగుతుంది, లేదా టైర్ ఒక అంచు మాత్రమే అరుగుతుంది. టైర్ మీద అడ్డంగా అరచేత్తో రాసి చూడండి, ఒకవైపుకి రాస్తే నున్నగా, తిరిగి ఇంకోవైపుకి రాస్తే రంపంలా తగిలితే టో తేడా ఉన్నట్టే, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉన్నట్టు. లోపలి అంచు బయట నుంచి కనపడదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూడాలి. లాగుతోంది అంటే మాత్రం ముందు గాలి చెక్ చేయించండి, ఒక టైర్‌లో తగ్గినా లాగుతుంది. మన రోడ్లు నీళ్ళు పోవడానికి అంచుకి వాలుగా ఉంటాయి కాబట్టి ఎడమకి కొంచెం జారడం మామూలే.

ఇంకో ముఖ్యమైన విషయం, స్విఫ్ట్, వ్యాగన్ఆర్, ఐ10 లాంటి బళ్ళకి అలైన్‌మెంట్‌లో మార్చేది ముందు చక్రాల టో ఒక్కటే, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ తిప్పి సెట్ చేస్తారు. కాంబర్‌కి అలా తిప్పే అడ్జస్ట్‌మెంట్ ఉండదు. నిజంగానే కాంబర్ బాగా తేడా ఉందంటే చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మో, స్ట్రట్టో, రబ్బరు బుష్షో ఏదో వంగింది లేదా అరిగింది అని అర్థం, అది చూసి మార్చాలి గానీ బాగున్న స్ట్రట్‌ని జాకీ పెట్టి వంచడం రిపేర్ కాదు, బండిని పాడు చేయడం. ఎవరైనా ఆ జాకీ తీస్తే వద్దని చెప్పి బండి దింపించేయండి, అలైన్‌మెంట్ వరకు డబ్బులిచ్చి వచ్చేయండి.

చేయించేటప్పుడు పక్కనే నిలబడండి. అలైన్‌మెంట్‌కి ముందు నాలుగు టైర్లలో గాలి సరి చేశారా లేదా, స్టీరింగ్ తిన్నగా పెట్టి కదలకుండా బిగించారా లేదా చూడండి. బ్యాలెన్సింగ్‌లో వెయిట్లు వేశాక చక్రాన్ని ఇంకోసారి తిప్పమనండి, సున్నా రాకపోతే ఒప్పుకోవద్దు. గ్రాము లెక్కన డబ్బులు తీసుకునే చోట ప్రతి చక్రానికి ఎన్ని గ్రాములు వేశారో బిల్లులో రాయించుకోండి. అలైన్‌మెంట్ ప్రింట్ అడిగితే ప్రింటర్ పని చేయట్లేదు అంటారు, అప్పుడు స్క్రీన్‌ని ఫోన్‌లో ఫోటో తీసుకోండి, చేయక ముందుది, చేశాకది రెండూ.