చెన్నైలో కారు ఏసీ గ్యాస్ టాప్-అప్: డబ్బుకు తగ్గ పనేనా?

నిన్న సాయంత్రం దాకా చల్లగా ఉన్న ఏసీ ఇవాళ పొద్దున ఉన్నట్టుండి వేడిగాలి కొడితే, చెన్నైలో ఏ షెడ్డుకు వెళ్ళినా సాధారణంగా మొదట వినిపించే మాట ‘గ్యాస్ ఇల్ల సార్’ (గ్యాస్ లేదు సార్). కత్తిరి ఎండల్లో ఆ మాటకు ఎదురు చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. అరగంటలో టాప్-అప్ చేసి, అంటే ఉన్న గ్యాస్ మీదే ఇంకొంచెం పోసి, బిల్లు చేతికిస్తారు. ఈ టాప్-అప్ సర్వీసుకు మేమిచ్చేది 5కి 1 మార్కు. ఉన్నట్టుండి ఆగిన ఏసీకి ఇది చాలాసార్లు తప్పు మందు.

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు హోసుల్లోంచి, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ షాఫ్ట్ సీలు దగ్గర్నుంచి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం తగ్గుతుంది, దాంతోపాటు చల్లదనమూ నెలల మీద తగ్గుతూ వస్తుంది. రాత్రికి రాత్రి పోయిందంటే రాయి తగిలి, బండి ముందు గ్యాస్‌ను చల్లార్చే కండెన్సర్‌కు చిల్లు పడడమో హోసు తెగడమో అయుండాలి, లేదా లోపం కరెంటు వైపు ఉండాలి. చిల్లు పడితే కొత్తగా నింపిన గ్యాస్ గంటల్లో గాలిలో కలుస్తుంది. కరెంటు లోపమైతే గ్యాస్‌కు దీంతో సంబంధమే లేదు.

టాప్-అప్ చేసేవాళ్ళు సాక్ష్యంగా చూపించేది ఒత్తిడి కొలిచే గేజి. ఇక్కడే పెద్ద పొరపాటు. ఇంజిన్ ఆపి బండి చల్లారాక, చాలా కార్లలో ఉండే ఆర్-134ఏ రకం గ్యాస్ 30 డిగ్రీల వేడికి సుమారు 97 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), 35 డిగ్రీలకు సుమారు 114 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల ద్రవరూపంలో కొంచెం మిగిలున్నా ఆ అంకె అంతే. 450 గ్రాములు ఉండాల్సిన చోట 250 గ్రాములే ఉన్నా సూది అక్కడే నిలబడుతుంది. గేజి తూకం వేయలేదు. సూది చూసి గ్యాస్ పోసేవాడికి తానెంత పోశాడో తెలియదు.

అలాగని గేజి పనికిరానిది కాదు, ఇంజిన్ 1500 ఆర్‌పీఎం మీద నడుస్తుండగా చదవాలి. బయట 35 డిగ్రీలుంటే లో-సైడు (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు) 30 నుంచి 45 పీఎస్ఐ, హై-సైడు (కంప్రెసర్ నుంచి బయటికి వెళ్ళే వైపు) 200 నుంచి 250 పీఎస్ఐ దాకా మామూలు. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. లో-సైడు ఎక్కువగా, హై-సైడు తక్కువగా ఉంటే కంప్రెసర్ బలహీనపడింది. లో-సైడు సున్నా కిందికి జారితే, గ్యాస్‌ను సన్నటి దారిలో వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు మూసుకుపోయింది. రెండూ ఎక్కువైతే గ్యాస్ మోతాదు మించింది, లేదా కండెన్సర్‌కు గాలి అందడం లేదు. అన్నానగర్ సిగ్నల్ దగ్గర వేడిగాలి, ఓఎంఆర్ మీద బండి వేగం అందుకోగానే చల్లగాలి వస్తుంటే ముందు చూడాల్సింది కండెన్సర్ ఫ్యాన్. ఆ ఫ్యాన్ తిరగని బండికి మరింత గ్యాస్ ఎక్కించడం కంటే చెడ్డ పని లేదు. ఒత్తిడి 300 పీఎస్ఐ దాటి కంప్రెసర్‌కే ముప్పు తెస్తుంది.

గేజి తగిలించే ముందే చేయాల్సిన పరీక్షలు కొన్నున్నాయి. మంచి మెకానిక్‌ను వీటితోనే గుర్తుపట్టవచ్చు. ఏసీ బటన్ నొక్కగానే కంప్రెసర్ దగ్గర టక్‌మని చప్పుడొచ్చి, పుల్లీ ముందున్న ప్లేటు దాంతోపాటు తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే. పక్కనే అదే నంబరుతో ఉన్న హారన్ రిలేను తీసి పెట్టి చూడడం నిమిషం పని. ఆ తర్వాత, ఆ ప్లేటును అయస్కాంతంలా లాగి పట్టుకునే క్లచ్ కాయిల్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్. 12 వోల్టులు వస్తున్నా ప్లేటు అంటుకోకపోతే కాయిల్ కాలిపోయింది, లేదా ప్లేటుకూ పుల్లీకీ మధ్య గ్యాప్ పెరిగింది. మంచి కాయిల్ 3 నుంచి 5 ఓమ్స్ చూపిస్తుంది. గ్యాప్ సుమారు 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. అది అరిగి పెరిగితే పొద్దున బాగా పనిచేసి, ట్రాఫిక్‌లో కాయిల్ వేడెక్కాక పట్టు వదిలేస్తుంది. చాలా మోడళ్ళలో ఒక షిమ్ (పల్చటి రేకు వాషర్) తీసి గ్యాప్ సరిచేస్తే సరిపోతుంది. ఇలాంటి బండికి కొత్త కంప్రెసర్ అంటగట్టడం అన్యాయం.

12 వోల్టులే రాకపోతే ప్రెషర్ స్విచ్ చూడాలి. ఒత్తిడి సుమారు 2 బార్ (29 పీఎస్ఐ) కంటే పడిపోయినా, 32 బార్ (464 పీఎస్ఐ) దాటినా అది క్లచ్‌కు కరెంటు ఆపేస్తుంది. గేజి 100 పీఎస్ఐ చూపిస్తూ ఉండగా స్విచ్ కరెంటు వదలకుండా ఉంటే పోయింది స్విచ్చే. అపార్ట్‌మెంటు పార్కింగుల్లో ఎలుకలు కొరికిన వైర్లు కూడా వెతకాలి. 2023 డిసెంబరు మిగ్‌జాం తుపాను నీళ్ళలో నిలిచిన బళ్ళకైతే కనెక్టర్ పిన్నుల మీద పచ్చ చిలుము ఉందేమో చూడాలి. క్లచ్ లేని వేరియబుల్ కంప్రెసర్లలో (అవసరాన్ని బట్టి పని తగ్గించుకునే, పెంచుకునే రకం) టక్ శబ్దం ఉండదు, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టాల్సిందే.

బానెట్ కింద లావు పైపు చల్లగా చెమట పట్టి ఉండి, లోపల మాత్రం వేడిగాలి వస్తుంటే గ్యాస్, కంప్రెసర్ రెండూ బాగున్నట్టే. తప్పు డ్యాష్‌బోర్డు వెనక వేడి-చల్ల గాలిని మార్చే తలుపుది, లేదా దాని మోటారుది.

ఆటోమేటిక్ మెషీన్ ఉన్నచోట చేసే పూర్తి సర్వీసుకు 5కి 3. అది పాత గ్యాస్ లాగి తూకం వేస్తుంది, వ్యాక్యూమ్ పెడుతుంది (గొట్టాల్లోని గాలి, తేమ లాగేస్తుంది), బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాముల ప్రకారం నింపుతుంది. చిన్న కార్లకు సాధారణంగా 350 నుంచి 450 గ్రాములు. వెనక కూడా ఏసీ ఉన్న పెద్ద బళ్ళకు 700 దాటొచ్చు. వ్యాక్యూమ్ అరగంట ఉండాలి, తర్వాత పంపు ఆపి పది నిమిషాలు సూది కదలకుండా నిలబడాలి. తొందరలో పది నిమిషాలకే ముగిస్తే లోపలి తేమ అలాగే మిగిలి, ఎక్స్‌పాన్షన్ వాల్వులో మంచు కడుతుంది. 3 మార్కుల దగ్గర ఆగడానికి కారణం ఒకటే: సన్నటి లీకు ఈ పరీక్షకు చిక్కదు, చోటూ తెలియదు.

చోటు చెప్పగలిగేది ఏసీ పని ఒక్కటే చేసే షాపు. మౌంట్ రోడ్డు పక్కన కార్ల సామాన్లకు పేరున్న జనరల్ ప్యాటర్స్ రోడ్డు వైపు వెళ్తే ఇలాంటివి వెతకవచ్చు. నైట్రోజన్ 150 నుంచి 200 పీఎస్ఐ పట్టించి సబ్బు నురగతో చూసే షాపుకు 5కి 4 ఇస్తాం. నైట్రోజన్ సిలిండర్ లేని చోట బండి వదలొద్దు. తిరువాన్మియూరు, బెసెంట్ నగర్ లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఉప్పు కండెన్సర్ రెక్కలను తినేస్తుంది కాబట్టి ముందు అక్కడే నురగ పట్టించమనండి. డ్యాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ మీద అనుమానముంటే నీళ్ళు కారే డ్రెయిన్ గొట్టం దగ్గర లీకు డిటెక్టర్ పెడితే తేలుతుంది. లీకు పూడుస్తుందని చెప్పే స్టాప్-లీక్ డబ్బా మాత్రం పోయనివ్వకండి, అది వాల్వులకూ మెషీనుకూ చేటు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బళ్ళలో మామూలు కార్ల ఏసీ కంప్రెసర్‌లో వాడే పీఏజీ ఆయిల్ కలవకూడదు, కంప్రెసర్ ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

బిల్లు మీద మూడు అంకెలు రాయించుకోండి: లాగిన గ్యాస్ ఎన్ని గ్రాములు, నింపింది ఎన్ని గ్రాములు, వ్యాక్యూమ్ ఎన్ని నిమిషాలు. గొట్టాలు విప్పిన పనైతే రిసీవర్ డ్రయర్ (తేమ పీల్చే డబ్బా), ఓ-రింగులు (అతుకుల దగ్గరి రబ్బరు వలయాలు) కొత్తవి వేశారో లేదో కూడా రాయించండి. ఖర్చు తగ్గించుకోవడానికి పుదుపేట పాత సామాన్ల వైపు వెళ్ళేవాళ్ళు కండెన్సర్, డ్రయర్ అక్కడ కొనొద్దు. కంప్రెసర్ కొనక తప్పకపోతే రెండు పోర్టులకూ మూతలు ఉన్నదే చూడండి. లోపలి ఆయిల్ నాలుగు చుక్కలు తెల్ల కాగితం మీద వంచండి. నల్లగా ఉన్నా, లోహపు పొడి మెరిసినా అక్కడే వదిలేసి రండి.