హెచ్. పైలోరీకి ఏ పరీక్ష మేలు: శ్వాస పరీక్షా, ఎండోస్కోపీ బయాప్సీయా?

నెలల తరబడి కడుపులో మంట, ఉబ్బరం తగ్గనివారికి డాక్టరు హెచ్. పైలోరీ అనే కడుపు బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష రాసినప్పుడు, గొట్టం మింగే బాధ లేకుండా ఊపిరి ఊది తేల్చుకుంటే చాలదా అని పాఠకులు పదేపదే అడుగుతున్నారు. రోజూ కడుపు బయాప్సీలను, అంటే ఎండోస్కోపీ గొట్టంతో కడుపు పొర నుంచి తీసిన చిన్న ముక్కలను, సూక్ష్మదర్శిని కింద చూసే వృత్తి నాది కనుక నా మొగ్గు ముందే చెబుతాను. 45 ఏళ్లు దాటినవారికి, తోబుట్టువులలోనో తల్లిదండ్రులలోనో కడుపు క్యాన్సర్ ఉన్నవారికి మొదటి పరీక్షగా బయాప్సీయే మేలని నా అభిప్రాయం.

శ్వాస పరీక్ష మంచి పరీక్షే. ఈ బ్యాక్టీరియా కడుపులోని ఆమ్లాన్ని తట్టుకోవడానికి యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విడగొడుతుంది. అందుకే కార్బన్-13 (కార్బన్‌లో కాస్త బరువైన రకం) కలిగిన యూరియాను తాగించి, కాసేపటికి ఊపిరిలో ఆ కార్బన్ ఉన్న కార్బన్ డయాక్సైడు ఎంత వస్తోందో కొలుస్తారు. నియమాలు పాటిస్తే నూటికి సుమారు 95 సార్లు సరైన జవాబే వస్తుంది. ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలను 2 వారాల ముందు, యాంటీబయాటిక్‌లను 4 వారాల ముందు ఆపడం ఆ నియమాలలో ముఖ్యమైనది. పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకోవడం అలవాటైనవారు ఆ సంగతి చెప్పకుండానే పరీక్షకు వస్తే, ఉన్న బ్యాక్టీరియా లేనట్టు రావచ్చు. బయాప్సీకీ ఈ చిక్కు కొంత ఉంది.

అయితే ఇన్నేళ్లుగా ఆ బ్యాక్టీరియా కడుపు పొరను ఏం చేసిందన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైనవాటిలో, చేర్చింది. దీనిలో కొన్ని రకాలు కాగ్‌ఏ అనే ప్రోటీనును సూది వంటి నిర్మాణంతో నేరుగా పొర కణాల్లోకి ఎక్కిస్తాయి. అది అక్కడ ఎస్‌హెచ్‌పీ-2 (SHP2) అనే ఎంజైమును పట్టుకుని, కణం పెరగమనే సంకేతాలను రేపుతుంది, కణాల మధ్య బిగువును సడలిస్తుంది. వాపు దశాబ్దాలపాటు కొనసాగితే కొందరిలో గ్రంథులు క్షీణిస్తాయి, ఆపైన కడుపు పొర పేగు పొర లక్షణాలు తెచ్చుకుంటుంది. ఆమ్లం తగ్గిన అలాంటి కడుపులో బ్యాక్టీరియాకే నిలువ నీడ ఉండదు కాబట్టి, నష్టం ఎక్కువైన చోటే శ్వాస పరీక్ష నెగెటివ్ వచ్చే అవకాశం ఉంది.

బయాప్సీ ఈ నష్టాన్ని కళ్లకు చూపిస్తుంది. పేగులో ఉండవలసిన, జిగురు స్రవించే గోబ్లెట్ కణాలు కడుపు గ్రంథుల్లో చేరితే, ఆల్షియన్ బ్లూ రంగు వేసినప్పుడు నీలి బుడగల్లా వరుసగా తేలుతాయి. ఈ మార్పు మచ్చలు మచ్చలుగా వస్తుంది కనుక కడుపు కింది భాగం నుంచి 2, వంపు నుంచి 1, పై భాగం నుంచి 2, మొత్తం 5 ముక్కలు తీయాలి. నన్ను బాధపెట్టేది ఏమిటంటే, చాలా సందర్భాల్లో ఒకే ముక్క తీసి, యూరియేజ్‌ను పట్టిచ్చే పసుపు జెల్‌లో వేసి, అది గులాబీ రంగుకు మారిందో లేదో చూసి ఊరుకుంటారు. అప్పుడు ఎండోస్కోపీ ఖర్చు, శ్రమ రెండూ పడి శ్వాస పరీక్ష ఇచ్చే జవాబే పుచ్చుకున్నట్టవుతుంది. కాబట్టి ఎన్ని ముక్కలు తీస్తారో, పాథాలజీకి పంపుతారో లేదో ముందే అడగండి.

మలంలో ఈ బ్యాక్టీరియా ప్రోటీన్లను వెతికే మల యాంటిజెన్ పరీక్ష శ్వాస పరీక్షకు సరైన ప్రత్యామ్నాయం. రక్తంలో యాంటీబాడీల పరీక్ష ఎప్పుడో పోయిన ఇన్ఫెక్షన్‌కూ పాజిటివ్ చూపుతుంది.

వయసు తక్కువై, బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తహీనత, మింగడంలో ఇబ్బంది, ఆగని వాంతులు వంటివేవీ లేనివారికి శ్వాస పరీక్షతో మొదలుపెట్టడం సబబే. మందుల కోర్సు ముగిసిన 4 వారాల తర్వాత బ్యాక్టీరియా పోయిందో లేదో తేల్చుకోవడానికి ఎవరికైనా అదే మేలు. మొదటి బయాప్సీలో పేగు లక్షణాలు విస్తారంగా కనబడినవారు మాత్రం, శ్వాస పరీక్ష నెగెటివ్ వచ్చినా, సుమారు 3 ఏళ్లకోసారి ఎండోస్కోపీ చేయించుకుంటూ ఉండాలి.