నందంబాక్కం సైనిక సమాధుల తోటలో పజిల్ వేట: తిరుపతి కిట్ ఎలా ఉంది?

తిరుపతిలో అమ్ముతున్న ఈ పజిల్ కిట్‌ను ఆడాల్సిన చోటు మన ఊళ్లో లేదు, చెన్నై నందంబాక్కంలోని మద్రాస్ వార్ సెమెటరీలో ఉంది. అట్ట ఫోల్డర్‌లో ఎనిమిది షీట్లు, ఒక జవాబుల పట్టిక, నాలుగంకెల తాళం వేసిన చిన్న రేకు పెట్టె ఇస్తారు. వెంట తీసుకెళ్లాల్సింది షీట్లు మాత్రమే. పెట్టె ఇంట్లోనే ఉంటుంది, తిరిగొచ్చాక తాళం తీయాలి. ఈ ఏర్పాటు మాకు బాగా నచ్చింది. సమాధుల మధ్య డబ్బా దాచిపెడితే పిల్లలు మొక్కల పాదులు కెలుకుతారు, రాళ్ల వెనక చేతులు పెడతారు. ఇక్కడ వెతికేదంతా రాతి మీది అక్షరాల్లోనే కాబట్టి ఆ భయం లేదు.

ఈ తోట 1952లో ఏర్పడింది. దక్షిణ, తూర్పు భారతంలో చాలా చోట్ల పౌర, కంటోన్మెంట్ శ్మశానాల్లో ఉన్న రెండో ప్రపంచయుద్ధపు సమాధులను, అక్కడ శాశ్వతంగా చూసుకోవడం కుదరదని ఇక్కడికి తరలించారు. ఇప్పుడు అవి 850కి పైగా ఉన్నాయి. ఆడేవాళ్లకు ఈ చరిత్ర పనికొస్తుంది. పక్కపక్కనే ఉన్న ఇద్దరూ ఒకే ఊళ్లోనో, ఒకే ఏడాదిలోనో చనిపోయి ఉండాలని లేదు. తేదీల వరుస పట్టుకుని తర్వాతి రాయిని ఊహించబోతే రెండో షీట్‌కే దారి తప్పుతారు. ప్లాట్, వరుస, సమాధి నంబరు, ఈ మూడింటితోనే వెతకండి.

ఫోన్ జీపీఎస్‌ను రాయి దాకా నమ్మొద్దు. ఆరుబయట కూడా దానికి నాలుగైదు మీటర్ల తేడా ఉంటుంది, రాళ్ల మధ్య దూరం అంతకన్నా తక్కువ. పైగా ఐదో షీట్‌లో అక్షాంశాన్ని డిగ్రీలు, దశాంశ నిమిషాల్లో ఇచ్చారు. మ్యాప్ యాప్‌లో దాన్ని అలాగే దశాంశ డిగ్రీలుగా కొడితే ఊరే మారిపోతుంది. ఉదాహరణకు 13 డిగ్రీల 1.2 నిమిషాలంటే 13.02 డిగ్రీలు. 1.2ను 60తో భాగించి డిగ్రీలకు కలపాలి. దాన్ని 13.12 అని కొట్టారంటే 11 కిలోమీటర్లు ఉత్తరానికి పోయినట్టే. ఈ లెక్క షీట్ మీదే ముద్రించి ఉండాల్సింది.

కిట్ అసలు బలం మొదటి నాలుగు షీట్లలో ఉంది. ఈ రాళ్లన్నీ ఒకే కొలత, సుమారు 81 సెంటీమీటర్ల ఎత్తు, 38 సెంటీమీటర్ల వెడల్పు. పైన దళం చిహ్నం, దాని కింద సర్వీస్ నంబరు, హోదా, పేరు, దళం, చనిపోయిన తేదీ, వయసు, మతచిహ్నం ఉంటాయి. అడుగున కొన్నింటికి కుటుంబం ఎంచుకున్న ఒక వాక్యం ఉంటుంది. షీట్లు ఇదే క్రమంలో పై నుంచి కిందికి దిగుతాయి. చిహ్నం బొమ్మతో రాయిని పట్టుకోవాలి, నంబరు అంకెలను ఒక్క అంకె మిగిలేదాకా కూడాలి (4127 అయితే 14, మళ్లీ కూడితే 5), అడుగు వాక్యంలోంచి ఒక మాట తీసుకోవాలి. చిత్తూరు జిల్లా పల్లెల్లో వీరగల్లులు చూసినవాళ్లకు ఈ చదువు కొత్త కాదు. అక్కడ అడుగున యుద్ధం, నడుమ వీరుణ్ణి మోసుకెళ్లే అప్సరసలు, పైన శివలింగం ఉన్న స్వర్గం. వాటిని కింది నుంచి పైకి చదువుతాం, వీటిని పై నుంచి కిందికి.

నాలుగో షీట్ ఒక్కదానికే ఈ కిట్ కొనొచ్చు. ఒక వరుస చూపించి, ఇందులో అధికారి ఎవరో హోదా చదవకుండా చెప్పమంటుంది. పిల్లలు పెద్ద రాయి కోసం వెతుకుతారు, ఎక్కడా దొరకదు. 1917లో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ పేరుతో మొదలై, ఇప్పుడు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్‌గా ఈ తోటను చూసుకుంటున్న సంస్థ, హోదాను బట్టి సమాధిలో తేడా ఉండకూడదని మొదట్లోనే తీర్మానించుకుంది. జవాబు మరోచోట ఉంది: అధికారుల రాళ్ల మీద సాధారణంగా సర్వీస్ నంబరు చెక్కరు. రాతి మీద లేనిదాన్ని గమనించమనే ఇలాంటి పజిల్ రాయాలంటే తయారుచేసినవాళ్లు ప్రతి రాయినీ ఓపిగ్గా చదివి ఉండాలి.

ఆరో షీట్‌కి వచ్చేసరికి ఆ ఓపిక సన్నగిల్లింది. ఒక వరుసలోని వయసులన్నీ కూడమంటుంది. కుటుంబం వయసు తెలపని చోట రాతి మీద వయసే ఉండదు. అలాంటి రాయిని ఏం చేయాలో షీట్ చెప్పలేదు. సున్నా అనుకున్నా, ఆ రాయిని వదిలేసినా మొత్తం ఒకటే, దాంతోనే తాళం తెరుచుకుంటుంది. అంతకన్నా బాధ కలిగించేది, ఈ షీట్‌కి ఒక్క పేరైనా చదవక్కర్లేదు. ఇరవై ఏళ్లకే పోయినవాడి వయసును కూడికలో అంకెగా మాత్రమే వాడుకోవడం ఈ చోటుకు తగదు. పేరులోని అక్షరం ఒకటి కలిపి అడిగినా సరిపోయేది.

ఏడో షీట్‌లో మరో పొరపాటుంది. వెనకవైపున్న మద్రాస్ 1914-1918 స్మారకం మీది పేరు ఒకటి ఇచ్చి, అతని సమాధి వెతకమంటుంది. ఆ స్మారకం మీది వెయ్యికి పైగా పేర్లు మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయి, దేశంలో వేర్వేరు శ్మశానాల్లో ఉన్నవాళ్లవి. వాళ్ల సమాధులు ఈ తోటలో లేవు. ఆ షీట్‌ను వదిలేసి, దాని అంకెను తాళం మీదే 0 నుంచి 9 దాకా తిప్పి చూడండి. 1946, 1947 తేదీలు కనబడితే మాత్రం తప్పు చదివామని కంగారు పడకండి. కమిషన్ లెక్కలో రెండో యుద్ధపు మరణాలు 1947 డిసెంబరు 31 దాకా వస్తాయి.

ఎనిమిదో షీట్ రాతి మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దమంటుంది. ఆ పని చేయకండి. రుద్దుడుకు అక్షరాల అంచులు అరుగుతాయి, మరకలు పడతాయి. సుద్దముక్క పూయడం కూడా అంతే. ఫోన్ టార్చ్‌ని రాయికి పక్కగా, ఏటవాలుగా పట్టి ఫొటో తీస్తే మాసిన అక్షరం కూడా నీడతో లేచి కనబడుతుంది. మిట్ట మధ్యాహ్నం తెల్ల రాయి కళ్లు చెదరగొడుతుంది, ఏదీ చదవలేరు. పొద్దున్నే గానీ, సాయంత్రం వాలు ఎండలో గానీ వెళ్లండి.

తిరుపతి నుంచి రైల్లో చెన్నై సెంట్రల్ దిగి, మెట్రోలో ఆలందూరు దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఆటో పట్టుకోవడం తేలిక. కారులో అయితే పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా పూందమల్లి చేరి మౌంట్-పూందమల్లి రోడ్డు పట్టాలి. తోట తెరిచే వేళలు కమిషన్ వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి. అదే సైట్‌లో పేరు కొడితే సమాధి నంబరు వచ్చేస్తుంది కాబట్టి, ఆట మధ్యలో పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకండి.

ఇంగ్లిష్ పెద్దక్షరాలు తడుముకోకుండా చదివే పిల్లలకైతేనే ఇది సాగుతుంది, సుమారు పదేళ్లు నిండాలి. నలుగురికి మించితే రెండు జట్లుగా విడగొట్టి, ఒకరిని మొదటి షీట్‌తో, మరొకరిని నాలుగో షీట్‌తో మొదలుపెట్టించండి. షీట్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడవు, ఒకే రాయి దగ్గర గుంపు చేరదు. గుర్తుకోసం రాళ్ల మీద ఏమీ పెట్టనివ్వకండి. ఎవరైనా పూలు తీసుకొచ్చి ఒక సమాధి దగ్గర నిలబడితే, ఆ వరుసను చివరికి ఉంచుకోండి.