విశాఖలో గేమింగ్ కంప్యూటర్ కొంటున్నారా? సగం పేర్ల చీటీతో జాగ్రత్త

మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. నగరంలోని ఒక కంప్యూటర్ దుకాణంలో 42,000 రూపాయలకు గేమింగ్ సిస్టమ్ కట్టించుకున్నాడు. ఆట మొదలుపెట్టిన కాసేపటికే అది ఠక్కున ఆగిపోతోందని నన్ను పిలిచాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. పేరుకన్నా మోసం జరిగిన తీరు తెలియడం ముఖ్యం. ఇలాంటి చీటీ మరో కౌంటర్ మీద మీకూ ఎదురుకావచ్చు.

వాడికి ఇచ్చిన చీటీలో ఉన్నది ఇంతే: ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 580 8 జీబీ కార్డు (ఆటల బొమ్మలు చూపే గ్రాఫిక్స్ కార్డు), 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె), 512 ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే భాగం), ఆర్‌జీబీ (రంగు దీపాల) క్యాబినెట్. ఇది అబద్ధం అని పట్టుకుందామంటే ఒక్క మాటా దొరకదు. అన్నీ సగం పేర్లే.

ఐ7 అంటే ఏ ఐ7? విప్పి చూస్తే 2012లో వచ్చిన ఐ7-3770. దానికి పాతతరం డీడీఆర్3 ర్యామ్, ఊరూపేరూ లేని మదర్‌బోర్డు. ఈ తరం ప్రాసెసర్లు విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వాడు ఆడాలనుకున్న వాలరెంట్ ఆట విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ అడుగుతుంది. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్ ప్రాసెసర్‌లోనూ ఆ ఐ7లాగే పని పంచుకునే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే ఉన్నాయి, కానీ వేగంలో ఆ పాత ఐ7 దాని దరిదాపుల్లోకి రాదు. ఐ3 అంటే చిన్నది, ఐ7 అంటే పెద్దది అనుకునే అమ్మానాన్నలే ఇలాంటి దుకాణాలకు పెట్టుబడి.

కార్డు సంగతి ఇంకా ఘోరం. అసలైన ఆర్‌ఎక్స్ 580 కార్డులో బొమ్మను లెక్కగట్టి గీసే షేడర్లు 2304 ఉంటాయి. మా వాడికి అంటగట్టిన, ప్రధానంగా చైనా మార్కెట్ కోసం తెచ్చిన 2048ఎస్‌పీ రకంలో 2048 మాత్రమే. పేరు 580 అయినా అది నిజానికి కింది మెట్టులోని 570. జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో చూస్తే ఈ సంఖ్య వెంటనే కనబడుతుంది. పాత చిప్‌కు బయోస్ (లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి పెద్ద పేరు తగిలించిన కార్డులను కూడా అది చాలావరకు పట్టేస్తుంది. పెట్టె కొత్తగా మెరిసిపోతోంది, కార్డు మరలకు మాత్రం తుప్పు! సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము తుప్పు పట్టడం మనకు తెలిసిందే, అయితే సీలు తీసిన వారానికే పట్టదు కదా. 2022 సెప్టెంబరులో ఇథీరియమ్ అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి దాన్ని సంపాదించే మైనింగ్ ఆగిపోయాక, వాడేసిన కార్డులు చాలా పాత సరుకుగా బయటకు వచ్చాయి. వాడిన కార్డు కొనడం తప్పని నేను అనను. వాడినదని చెప్పి, వాడిన సరుకు ధరకే అమ్మాలి.

ఇక సిస్టమ్ ఆగిపోవడానికి కారణం. దుకాణంలో అడిగితే "మీ ఇంట్లో కరెంటు సరిగా లేదు బాబూ, మంచి యూపీఎస్ తీసుకోండి" అన్నారట. నేను ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదివాను. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు, కింద చిన్న అక్షరాలతో 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు 192, అంటే అక్కడ ఇచ్చేది 192 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా తినేది ఈ 12 వోల్టుల కరెంటునే. ఆ కార్డుకు సుమారు 150 వాట్లు, ప్రాసెసర్‌కు 77 కావాలి, ఫ్యాన్లు అదనం. లెక్క అక్కడే తేలిపోయింది. పైగా ఆ ఎస్‌ఎంపీఎస్‌కు కార్డుకు పెట్టే ఎనిమిది పిన్నుల తీగే లేదు. హార్డ్‌డిస్కుల కోసం ఉన్న తీగలకు కన్వర్టర్ తగిలించి నడిపించారు. అది వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆ సిస్టమ్ ఆన్‌లో ఉంచవద్దని పిన్నికి గట్టిగా చెప్పి వచ్చాను.

ఎంత తక్కువ బడ్జెట్ అయినా ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఆర్‌జీబీ ఫ్యాన్లు మానేసి ఆ డబ్బు ఇందులో పెట్టండి. ఆ క్యాబినెట్‌కు ముందంతా గాజు పలకే, గాలి లోపలికి పోయే దారి లేదు. మన ఉక్కపోతలో దానికి రంగు దీపాలొకటి!

డబ్బు ఇచ్చే ముందే ప్రతి భాగానికీ పూర్తి మోడల్ పేరు రాయమనండి: ప్రాసెసర్ అంకెలన్నీ, మదర్‌బోర్డు చిప్‌సెట్, ర్యామ్ పలక ఒకటా రెండా, ఎస్‌ఎంపీఎస్ కంపెనీ. ద్వారకానగర్‌లో రెండు మూడు చోట్ల ఆ కాగితం చూపించి ధరలు పోల్చుకోండి. రాయడానికి నసిగితే బయటకు వచ్చేయండి. బిల్లులో సీరియల్ నంబర్లు కూడా ఉండాలి, వారంటీకి పనికొచ్చేది అవే. మా వాడికి "టెస్టింగ్ వారంటీ" అని నోటిమాట తప్ప ఏమీ ఇవ్వలేదు. "బిల్లు కావాలంటే 18 శాతం అదనం" అన్నారట. జీఎస్‌టీ నంబరు మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. జీఎస్‌టీ వెబ్‌సైట్‌లో కొడితే ఎవరి పేరున ఉందో కనబడుతుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. బిల్లులో వాపసు గడువు రాయకపోతే 30 రోజులు లెక్క. కాబట్టి గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంటే భయపడనక్కరలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.

మేము చీటీ, ఫోన్‌లో చెల్లించిన రసీదు, జీపీయూ-జడ్ తెర ఫొటో జతచేసి ఫిర్యాదు పెట్టాం. ఆ తర్వాత దుకాణం వారు ఎస్‌ఎంపీఎస్ మాత్రం మారుస్తామన్నారు. కార్డు, ప్రాసెసర్ కూడా వెనక్కి తీసుకోవాల్సిందేనని చెప్పాం. ఇంకా జవాబు రాలేదు.