15 లీటర్ల గీజర్: సింగ్‌నగర్ ఇంట్లో ఏడేళ్ల వాడకం

"విజయవాడలో గీజర్ ఎందుకండీ, చలే ఉండదుగా?" అని 2018లో షాపాయనే అడిగాడు. మేం కొన్నది అమ్మ కోసం. కార్తీకంలో తెల్లవారుజామున నాలుగింటికి తలస్నానం ఆవిడకి ఎప్పుడూ తప్పలేదు. మోకాళ్లు సహకరించినన్నాళ్లు కృష్ణలో మునిగి వచ్చేది. ఆ తర్వాత ఇంట్లోనే బకెట్లో హీటర్ రాడ్ పెట్టుకునేది. ఒకరోజు స్విచ్ ఆపకుండానే, నీళ్లు కాగాయో లేదో చూద్దామని వేలు ముంచబోతుంటే నా కంట పడింది. గుండె ఆగినంత పనైంది. ఆ సాయంత్రమే గవర్నర్‌పేట వెళ్లి గీజర్ తెచ్చాను.

15 లీటర్లు, 2 కిలోవాట్లు, ఐఎస్‌ఐ మార్కు ఉంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ఏడేళ్లలో మమ్మల్ని కాపాడినవి గీజర్ డబ్బాతో పాటు వచ్చినవి కావు, మేం విడిగా కొని పెట్టించుకున్నవి.

మొదట వచ్చిన ఎలక్ట్రీషియన్ బాత్రూమ్ లైటు వైరు నుంచే లైన్ లాగేస్తానన్నాడు. 2 కిలోవాట్లంటే దాదాపు 9 ఆంప్స్. లైటుకు వేసిన సన్న వైరు మీద రోజూ అంత లోడు పడితే అది గోడలోనే వేడెక్కుతుంది. వద్దని చెప్పి ఇంకొకాయన్ని పిలిచాను. ఈయన మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగి, దానికి సొంతంగా ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయి లైన్ ఆపేసే స్విచ్), 16 ఆంప్స్ సాకెట్ ఇచ్చాడు. స్విచ్ బాత్రూమ్ బయట పెట్టించాను. అది డబుల్ పోల్ స్విచ్, కరెంటు వచ్చే ఫేజ్‌నీ, తిరిగి వెళ్లే న్యూట్రల్‌నీ రెండింటినీ కట్ చేస్తుంది. పాత ఇళ్లలో వైర్లు తారుమారై ఉంటాయి, మాకూ అలాగే ఉన్నాయి. అలాంటి చోట మామూలు స్విచ్ ఆపితే న్యూట్రల్ తెగుతుంది, గీజర్లోకి ఫేజ్ మాత్రం వస్తూనే ఉంటుంది.

ఆయన చేసిన ఇంకో మంచి పని, ఫేజ్‌కీ, లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూడటం. అది మిణుకుమిణుకుమంది, అంటే ఎర్త్ సరిగా లేదన్నమాట. మూడు పిన్నుల సాకెట్ ఉంది కదా, ఎర్త్ ఉన్నట్టేనని అన్నేళ్లూ అనుకున్నాం. పెరట్లో ఎర్త్ గుంత ఎప్పుడో ఎండిపోయింది. కొత్త పైపు దింపించి, బొగ్గూ ఉప్పూ వేయించి, నీళ్లు పోయించాక బల్బు నిండుగా వెలిగింది. ఆపైన, కరెంటు లీకైతే పసిగట్టి వెంటనే లైన్ ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. గీజర్‌కి ఏడు వేల చిల్లర అయితే, వీటన్నిటికీ కలిపి ఇంకో ఆరు వేలు అయ్యాయి. అప్పుడు మా ఆవిడ అంత ఖర్చెందుకని విసుక్కుంది.

నాలుగో ఏడు శీతాకాలం. ఒక తెల్లవారుజామున అమ్మ కేకేసింది, "ఒరే, కరెంటు పోయిందిరా" అని. చూస్తే ఆర్‌సీసీబీ పడిపోయి ఉంది. పైకెత్తాను, గీజర్ వేసిన ఐదు నిమిషాలకి మళ్లీ పడింది. మూడు రోజులు ఇదే తంతు. చూడటానికి వచ్చిన కుర్రాడు "ఇవి ఊరికే పడిపోతా ఉంటాయండీ, తీసేసి డైరెక్ట్ ఇచ్చేద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. గీజర్ కింద ప్లేటు విప్పించాను.

నీళ్లు కాచే కాయిల్ చుట్టూ వేలి మందాన తెల్లగా సున్నం గడ్డకట్టింది. మాకు కార్పొరేషన్ నీళ్లు తాగడానికీ వంటకే సరిపోతాయి, ట్యాంకులోకి బోరు నీళ్లే ఎక్కుతాయి. సున్నం పేరుకుంటే కాయిల్ వేడి నీళ్లలోకి పోక, కాయిలే మరీ కాలి, పై తొడుగు చీలుతుంది. మా దానికి సన్నటి చీలిక వచ్చింది. అందులోంచి కరెంటు నీళ్లలోకి దిగుతోంది. ఎర్త్ ఉంది కాబట్టి ఆ లీకు ఎర్త్‌లోకి పోయింది, ఆర్‌సీసీబీ పసిగట్టి ఆపేసింది. ఆ రెండూ లేకపోతే ఆ కరెంటుకి కుళాయి కింద తడి ఒంటితో ఉన్న అమ్మే దారి. ఆ చీలిక నాకు ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తుంది.

కాయిల్ మార్పించాం. తుప్పు ట్యాంకుని తినకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటి లోపల ఉంటుంది. అది పూర్తిగా అరిగి మధ్యలో తీగ మాత్రం మిగిలింది. రెండేళ్లకే మార్చాల్సిందట. అప్పటి నుంచి ఏటా దసరా వెళ్లగానే విప్పించి కడిగిస్తున్నాను. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి, పడుతుందో లేదో చూస్తాను.

సేఫ్టీ వాల్వ్ గురించి ఒక మాట. నీళ్లు కాగేటప్పుడు వ్యాకోచించి అక్కడ చుక్కలు కారతాయి. అది లీకేజీ అనుకుని ప్లంబర్ మూత బిగించేయబోయాడు. నీళ్లు కాగాక కాయిల్‌ని ఆపే థర్మోస్టాట్ పాడైన రోజున లోపలి ఒత్తిడి పోవడానికి ఉన్న ముఖ్యమైన దారి అదే. దాన్ని మూయనివ్వకండి. మేం చిన్న గొట్టం తగిలించి చుక్కలు కాలువలో పడేలా పెట్టుకున్నాం.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి వరద మా ఇంట్లోకి వచ్చింది. గీజర్ ఎత్తున ఉంది కాబట్టి మునగలేదు, స్విచ్‌బోర్డులు మునిగాయి. నీళ్లు తీసి, బురద కడిగి, కరెంటు వచ్చాక అందరికీ వేడినీళ్ల స్నానం చేయాలని ప్రాణం లాగింది. అయినా ఆగాం. నీళ్లలో నానిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీ, సాకెట్లు అన్నీ పారేసి కొత్తవి వేయించాం. వైర్ల తొడుగులోంచి కరెంటు లీకవుతోందేమో మెగ్గర్ అనే మీటరుతో పరీక్ష చేయించాం, ఎర్త్ మళ్లీ చూపించాం. ఆ తర్వాతే గీజర్ వేశాం. మా వీధిలో చాలామంది బోర్డులు ఎండబెట్టి వాడేశారు. ఇప్పటికీ వాడుతున్నవాళ్లు దయచేసి మార్పించండి.

వాడకం సంగతికొస్తే, రోజుకి అరగంట, అంటే ఒక యూనిట్. ముగ్గురికి సరిపోతుంది. ఎండాకాలంలో ట్యాంకు నీళ్లే కాలిపోతుంటాయి, అసలు వేయం. మళ్లీ మొదలుపెట్టే రోజున ముందు వేడినీళ్ల కుళాయి తిప్పి ధారగా వచ్చేదాకా ఆగుతాం, ఖాళీ ట్యాంకు మీద కాయిల్ కాలకుండా. స్నానానికి వెళ్లే ముందు స్విచ్ ఆపడం పిల్లలతో సహా అందరికీ అలవాటైంది. బకెట్లో ముందు చన్నీళ్లు, ఆపైన వేడినీళ్లు. 60 డిగ్రీల నీళ్లు అయిదారు సెకన్లు పడితే చాలు, ఒళ్లు బొబ్బలెక్కుతుంది. అమ్మ చర్మం ఇప్పుడు కాగితంలా పలచబడింది.

ఈ మధ్య ట్యాంకు అడుగున తుప్పు నీరు చెమ్మగా కనిపిస్తోంది. బోరు నీళ్లతో ఏడేళ్లు ఆగడం తక్కువేం కాదు. వచ్చే కార్తీకంలోపు మళ్లీ 15 లీటర్లదే తెస్తాను. డబ్బా ఒక్కటే మారుతుంది. వైరు, ఎర్త్, ఆర్‌సీసీబీ ఉన్నవే ఉంటాయి.